ఇంటిపేరు, ఇంటి నంబరు

మా ఇంటికి నంబరు వుండేది కాదు.

పంచాయతీ వాళ్లు ఊళ్లో ఇళ్లకి రేకు బిళ్లలు కొట్టుకుంటా వచ్చి చెరువు కట్ట కాడ ఆగిపోయారంట. కట్ట దిగితే మా మాదిగపల్లె. అక్కడికొచ్చేసరికి బిళ్లలు అయిపోయినయ్యన్నారు. గోడల మీద సున్నంతో అంకెలు రాసిపోయారు. మావి మట్టిగోడలు. రెండు వానలకి అంకెలు కారిపోయినయ్. పోస్టుమాను కట్ట దిగేవాడు కాదు. పల్లె ఉత్తరాలన్నీ బళ్లో పంతులుగారి బల్ల మీద పడేసి పోయేవాడు. పంతులుగారికి గుర్తుంటే మాకు అందేవి. ఇంటర్ పాసయ్యాక నాకొచ్చిన ఒక ఇంటర్వ్యూ కార్డు తారీఖు దాటిన నాలుగు రోజులకి చేతికొచ్చింది. అప్పట్నుంచీ అప్లికేషన్లో 'డోర్ నెంబరు' అన్న మాట కనపడితే చాలు, నాకు కడుపులో ఏదో తిప్పినట్టుంటది. ఆ గడిలో గీత గీసేవాణ్ణి. 'వీధి' అన్న చోట ఇంకో గీత. గ్రామం పేరు రాస్తుంటే ఒక గుమస్తా పైనుంచి చూసి, "పక్కన హరిజనవాడ అని కూడా రాయవయ్యా, లేకపోతే ఉత్తరం పొరపాటున ఊళ్లోకి పోద్ది" అన్నాడు. మంచికే చెప్పాననుకున్నాడు పాపం.

ఇదంతా ఎందుకంటే, ప్రపంచంలో కోట్ల మందికి నోటికొచ్చిన ఒక అడ్రసు గురించి రాద్దామని కూచున్నా. 742, ఎవర్‌గ్రీన్ టెర్రస్, స్ప్రింగ్‌ఫీల్డ్. ఆ ఇల్లు లేదు. అందులో మనుషులూ లేరు. 'సింప్సన్స్' అనే అమెరికా కార్టూను సీరియల్లో పసుప్పచ్చ మనుషులు ఐదుగురు కాపురముండే ఇల్లది. ఇట్టాంటి పుస్తకంలో ఈ కార్టూను గోలేందని మీరనుకోవచ్చు. నేనూ అనుకున్నా. రెండుసార్లు మొదలుపెట్టి చించేశా కూడా.

మొదట చూసింది మా అమ్మాయి పుణ్యమాని. 2000 ప్రాంతంలో హైదరాబాదులో మేముండే అద్దె పోర్షన్‌లోకి కేబులొచ్చింది. బళ్లోంచి రాగానే దాని కళ్లు ఆ బొమ్మల మీదే. మాటలు సగం నాకర్థమయ్యేవి కావు. నేను బొమ్మల్ని చూళ్లేదు, ఇంటిని చూశా. అద్దె ఇళ్ల కోసం ఏళ్లతరబడి తిరిగినోడి కళ్లకి ఏ సినిమాలోనైనా ముందు ఇల్లే కనపడుద్ది. ఎన్ని గదులు, నీళ్లెట్టా, ఓనరు ఎక్కడుంటాడు.

సింప్సన్ల ఇల్లు రెండంతస్తులది. పక్కనే కారు షెడ్డు. ముందు గుమ్మం తియ్యగానే అటొక గది ఇటొక గది, బయటికి ఉబ్బుకొచ్చినట్టుండే కిటికీలు. వెనక టీవీ గది, అందులో ఒక సోఫా, సోఫా మీద గోడకి పడవ బొమ్మ పటం. వంటింటి కిటికీలకి మొక్కజొన్న పొత్తులేసిన కర్టెన్లు. మేడ మీద మొగుడూ పెళ్లాలకొక గది, బార్ట్‌కొకటి, లీసాకొకటి, ఇంకా మాటలు రాని మ్యాగీకి కూడా ఒకటి! కింద నేలమాళిగ, పైన అటక. పెరట్లో చెట్టు మీద పిల్లాడికి చెక్కలతో కట్టిన ఇంకో ఇల్లు. చాలా ఎపిసోడ్ల మొదట్లో ఐదుగురూ ఐదు దిక్కుల్నుంచి పరిగెత్తుకుంటా వచ్చి ఆ సోఫా మీద పడతారు. మా పోర్షన్ రెండు గదులు. మేం నలుగురం. మ్యాగీకి సొంత గదేందని నేను మా అమ్మాయిని నిజంగానే అడిగా. "అది కార్టూన్ నాన్నా" అంది.

కార్టూనే. కానీ ఇల్లు గాలిలోంచి ఊడిపడలేదు. దాన్ని పుట్టించిన మ్యాట్ గ్రేనింగ్ ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో పెరిగాడు. వాళ్లుండిన వీధి పేరే ఎవర్‌గ్రీన్ టెర్రస్. తండ్రి పేరు హోమర్, తల్లి మార్గరెట్, చెల్లెళ్లు లీసా, మ్యాగీ. పక్కింటి ఫ్లాండర్స్ పేరూ, మేయర్ క్వింబీ పేరూ పోర్ట్‌లాండ్ వీధుల పేర్లే. 1987లో వేరే ప్రోగ్రాం మధ్యలో చిన్న చిన్న ముక్కలుగా మొదలై, 1989 డిసెంబరు 17న సొంత సీరియలయింది. ఏడొందల ఎపిసోడ్లు దాటినా బార్ట్‌కి పదేళ్లే. తమాషా ఏందంటే మొదట్లో ఆ ఇంటి నంబరు కూడా నిలకడగా లేదు. ఒక ఎపిసోడ్‌లో ఒకటి, ఇంకోదాన్లో ఇంకోటి. తర్వాతే 742 స్థిరపడింది. ఊరు ఏ రాష్ట్రంలో వుందో మాత్రం సీరియల్లో కావాలనే చెప్పరు. రాష్ట్రం తెలియని ఊళ్లో ఇంటి నంబరు లోకానికంతా తెలుసు. మాకు రాష్ట్రం, జిల్లా, మండలం అన్నీ వున్నయ్.

1997 మేలో వచ్చిన ఒక ఎపిసోడ్ వుంది. నేను చూసింది చాలా తర్వాత. హోమర్ పనిచేసే అణు విద్యుత్ కేంద్రంలోకి ఫ్రాంక్ గ్రైమ్స్ అని కొత్త ఉద్యోగొస్తాడు. నాలుగేళ్లప్పుడే అమ్మానాన్న వదిలేశారు. చిన్నతనమంతా కలిగినోళ్ల పిల్లలకి బొమ్మలు మోసుకెళ్లి ఇచ్చే పని. పద్దెనిమిదేళ్లకి ఒక పేలుడులో చావు తప్పింది. పోస్టులో వచ్చే పాఠాలు చదువుకుని డిగ్రీ తెచ్చుకున్నాడు. అట్టాంటోడు హోమర్ పక్కన కూచోవాల్సొచ్చింది. ఆ హోమర్ ఎట్టాంటోడంటే, భద్రత చూసే ఉద్యోగంలో వుండి నిద్రపోతాడు. ఒక రాత్రి హోమర్ అతన్ని భోజనానికి పిలుస్తాడు. గుమ్మంలో అడుగు పెట్టాక గ్రైమ్స్ ముఖం చూడాలి. ఈ ఇల్లు నీకెట్టా వచ్చిందని వెర్రెత్తిపోతాడు. తనుండేది ఒక గది. పైన బౌలింగ్ ఆట, కింద బౌలింగ్ ఆట, మధ్యలో తను.

ఇంట్లో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా బీఏ కూడా పోస్టులో వచ్చిన పాఠాలతోటే అయింది. 1982లో హైదరాబాదులో పెట్టిన ఓపెన్ యూనివర్సిటీ, తర్వాత అంబేద్కర్ పేరు పెట్టారే, అది. అటెండరుగా చేస్తా, పాఠాలకి ఆఫీసు అడ్రసిచ్చుకుని, టీలు మోసే టైముకీ ఫైళ్లు మోసే టైముకీ మధ్య చదివా. గుమస్తానయ్యా. నా పక్క సీటాయన పని నేను చేసేవాణ్ణి, ఆయన కోటా గురించి మాట్లాడేవాడు. ఆయన సొంతింటి గృహప్రవేశానికి నన్నూ పిలిచాడు. విస్తరి వరండాలో వేశారు. కాబట్టి నేను గ్రైమ్స్ పక్షం. అతను చివర్లో కరెంటు తీగలు ముట్టుకుని చస్తాడు, సమాధి కాడ కూడా జనం నవ్వుతారు. అది రాసినోళ్లకి అతని మీద జాలుందో లేదో నాకు ఇప్పటికీ తేలలేదు. జాలి లేకుండా అంత నిజం రాయలేరని మాత్రం అనుకుంటా.

అద్దె ఇళ్ల సంగతి ఈ పుస్తకం చదివేవాళ్లకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. టులెట్ బోర్డు వుంటది. గది చూపిస్తారు. అడ్వాన్సు మాట అయిపోతది. అప్పుడు, "ఇంతకీ మీ ఇంటిపేరేంటండీ?" చిత్రం చూడండి, మన భాషలో మనిషి పేరుకి ముందుండే పేరుని ఇంటిపేరన్నారు. ఇల్లు లేనోడిక్కూడా ఇంటిపేరుంటది. నిలవనీడ వుండదు గానీ ఆ పేరు వెంటే తిరుగుద్ది. నా ఇంటిపేరు ఊళ్లో రెండు మూడు కులాలకుంది. దాంతో ఓనరుకి తేలలేదు. "మీరేమిట్లు?" అన్నాడు. ఇది 1994లో. మా ఆవిడ కడుపుతో వుంది, అప్పటికి పదకొండు ఇళ్లు తిరిగాం. నోటికొచ్చిన కులం చెప్పేశా.

నాలుగు నెలలు బాగానే గడిచింది. ఒకరోజు చెప్పాపెట్టకుండా నాయన వచ్చాడు, పురుడు కదా అని చేలో పండిన కందులు మూటగట్టుకుని. నేను ఆఫీసులో వున్నా. గేటు కాడ ఓనరు కుర్చీ వేసుక్కూచున్నాడు. నాయన భుజం మీది తువ్వాలు చంకలోకి దిగింది. చెప్పులు గేటు బయటే విడిచాడు. "దణ్ణాలు బాబయ్యా, మావోడు ఇక్కడే వుంటాడంట" అన్నాడు. ఒక్క మాట అబద్ధం ఆడలేదు, ఒక్క మాట నిజం చెప్పలేదు. ఆ తువ్వాలు చెప్పింది. వారానికి ఓనరు మా గుమ్మం ముందు నిలబడి, "మా అల్లుడికి ట్రాన్స్‌ఫరయిందండీ, పోర్షన్ కావాలి" అన్నాడు. ఆయనకి పెళ్లికెదిగిన కూతురే లేదు.

ఇంకో ఇల్లు చూసుకున్నాం. చూసుకున్నాక నేను నాయనతో ఒక మాటన్నా. "నువ్వు మాటిమాటికీ రాబాకు నాయనా, ప్రయాణం కష్టం. నేనే వస్తాలే." నాయన నా ముఖం వైపు కాసేపు చూశాడు. "అట్టాగేలేరా" అన్నాడు. అంతే. ఆరేళ్లు రాలేదు.

2001లో ఊరి బయట, అప్పటికింకా బస్సు సరిగా రాని చోట, ఒక ఫ్లాటు కొన్నా. లోను సరిపోలేదు. నాయన రెండు బర్రెల్నీ బండినీ అమ్మి 28 వేలు తెచ్చిచ్చాడు. ఆ బండే ఆయనకి చివరి దినాల్లో కూలి తెచ్చే ఆధారం. మా ఇల్లు అమ్మటానికి లేదు, అది కాలనీలో పట్టా ఇల్లు. లేకపోతే అదీ అమ్మేవాడేమో. "సొంతిల్లు గదా, ఇప్పుడొస్తాలే" అన్నాడు. వచ్చాడు. ఇక్కడ అడిగే ఓనరు లేడు. కానీ మెట్ల మీద, లిఫ్టు కాడ, నీళ్ల టాంకీ కాడ పద్దెనిమిది కుటుంబాలున్నయ్. నాయన ఎవరు కనపడినా లేచి నిలబడేవాడు. లిఫ్టులో ఇంకొకళ్లుంటే ఎక్కేవాడు కాదు, నాలుగంతస్తులు నడిచేవాడు. నేను ఒకటి రెండుసార్లు విసుక్కున్నా. "ఎందుకు నాయనా నిలబడతావ్, కూచో" అని. కూచోమన్నది ఆయన కోసమా, నా కోసమా? ఇరవై రోజులకి, "గాలాడట్లేదురా, పల్లెకి పోతా" అన్నాడు. బస్సెక్కించా. వుండమని గట్టిగా అనలేదు.

మరుసటేడు మా అమ్మాయి పిలిచింది, "నాన్నా రా, వాళ్ల ఇల్లు ఎట్లా కొన్నారో చూపిస్తన్నారు" అని. 1992లో తీసిన పాత ఎపిసోడ్. హోమర్‌కీ మార్జ్‌కీ రెండో బిడ్డ పుట్టబోతది, ఇరుకు ఇల్లు చాలదు. డబ్బుల్లేవు. హోమర్ తండ్రి ఏబ్‌కి ఒక సొంతిల్లుంటది, అదీ వెనకటికి ఏదో మోసపు టీవీ పోటీలో గెల్చుకున్నది. దాన్నమ్మి కొడుక్కి 15 వేల డాలర్లిస్తాడు. ఆ డబ్బుతో ఎవర్‌గ్రీన్ టెర్రస్ ఇల్లు. కొడుకు సంతోషంతో, మాతోనే వుండు నాన్నా అంటాడు. కథ వింటున్న పిల్లలు అడుగుతారు, మరి తాతని వృద్ధాశ్రమానికి ఎన్నాళ్లకి పంపారని. మూడు వారాలకి, అంటాడు హోమర్. అందరూ నవ్వుతారు.

మూడు వారాలు. మా అమ్మాయి కూడా నవ్వింది. మా ఆవిడ నా వైపు చూసి, లేచి వంటింట్లోకి పోయింది. నేను టీవీ కట్టలేదు. చివరి దాకా చూశా. ఇరవై రోజులంటే మూడు వారాలకి ఒకరోజు తక్కువని లెక్కేసుకోవటం గుర్తుంది. ఆ ఇంటికి నేను ఓర్చుకోలేకపోవటమంటూ వుంటే అది ఆ రోజే అయిపోయింది. మ్యాగీ గది, చెట్టు మీద ఇల్లు, అన్నీ ఆ ముసలాయన ఇంటి ఇటుకలే.

నాయన 2008లో పోయాడు. ఆ తర్వాతేడే, 2009లో, ఒక ఎపిసోడ్‌లో సింప్సన్లకి అప్పు కట్టలేక ఇల్లు పోద్ది. అప్పుడు అమెరికాలో నిజంగానే లక్షల మంది ఇళ్లు పోతున్నయ్. పక్కింటి ఫ్లాండర్స్ ఆ ఇల్లు కొని వాళ్లకే అద్దెకిస్తాడు. నిన్నటిదాకా కంచె అవతలోడు ఇయ్యాల ఓనరు. అద్దెకున్నాక హోమర్‌కి ప్రతిదానికీ ఓనర్ని పిలిచే అలవాటవుద్ది. ఫ్లాండర్స్ ఓర్చి ఓర్చి ఖాళీ చెయ్యమంటాడు, మళ్లీ మనసు మార్చుకుంటాడు. నాకు దాన్లో ఒకటే తోచింది. ఫ్లాండర్స్ ఎంత దైవభక్తుడైనా, ఎంత విసిగినా, ఇంటిపేరు అడగలేదు.

అట్టా అనుకుని అమెరికాకి దణ్ణం పెట్టబోయా. 2023లో మా అమ్మాయి దగ్గరికి పోయినప్పుడు అదీ పోయింది. ఒరెగాన్‌లోనే, పోర్ట్‌లాండ్ పక్కన దాని ఉద్యోగం. ఒక ఆదివారం కారులో ఆ అసలు ఎవర్‌గ్రీన్ టెర్రస్ దాకా తీసుకెళ్లింది. ఇళ్ల నంబర్లు చూడలేదు, ఎవరో కాపురముండే వీధి కదా, తొంగిచూట్టం ఏం మర్యాద. దార్లో అది చెప్పింది. ఈ రాష్ట్రం 1859లో యూనియన్లో చేరేటప్పుడే నల్లవాళ్లొచ్చి వుండకూడదు, స్థిరాస్తి కొనకూడదు అని రాజ్యాంగంలో రాసుకుందంట. 1926 దాకా ఆ మాట తియ్యలేదు. దేశమంతటా ఇళ్ల దస్తావేజుల్లో 'తెల్లవాళ్లకి తప్ప అమ్మరాదు' అని రాసేవాళ్లు. అట్టాంటి షరతుల్ని కోర్టులు అమలు చెయ్యకూడదని 1948లో సుప్రీంకోర్టు అంది. ఇళ్ల అమ్మకంలో, అద్దెలో వివక్ష చూపకూడదని చట్టమొచ్చింది 1968లో. సింప్సన్లు తెల్లవాళ్లా అంటే పసుప్పచ్చ. కానీ అట్టాంటి పేటలు ఎట్టా పెరిగినయ్యో ఆ బొమ్మలో కనపడదు. చెరువు కట్ట అక్కడా వుంది, కాగితం మీద.

కాగితం అక్కర్లేని కట్ట కూడా వుంది. అమ్మాయి కొత్తగా వెళ్లినప్పుడు తెలుగమ్మాయిలతో కలిసి గది తీసుకోవాలనుకుంది. ఫోన్లో అంతా కుదిరింది. ఆఖర్న ఆ పిల్ల, "మీ ఇంటిపేరు ఆంధ్రాలో ఎటు సైడు?" అంది. "సైడంటే?" అంది మాది. "అదే, మీరేంటి?" అంది. పదమూడు వేల కిలోమీటర్లు వచ్చి అదే గేటు, అదే కుర్చీ. మా అమ్మాయి నాలాగా చెయ్యలేదు. ఉన్నది చెప్పింది. గది దొరకలేదు. వేరే చోట ఒక మెక్సికన్ పిల్లతో సర్దుకుంది. వాళ్ల పొరుగు రాష్ట్రంలో సియాటెల్ నగరం 2023 ఫిబ్రవరిలో కులాన్ని కూడా వివక్ష నిషేధంలో చేర్చిందని ఆ ఏడే విన్నా. ఊరికే చేర్చి వుండరు.

ఆ 742 నంబరింట్లో ఒక భారతీయుడు కూడా కొన్నాళ్లున్నాడు. కిరాణా కొట్టు అపూ. 1994లో కొట్టులో ఉద్యోగం పోయి వాళ్లింట్లో చేరి వంట చేస్తాడు. 1997లో అతని పెళ్లి కూడా ఆ ఇంటి పెరట్లోనే. మనిషిని నవ్వులాటకి పెట్టారు, గొంతేమో తెల్లవాడిది. న్యూయార్క్‌లో పెరిగిన మన తెలుగోళ్ల బిడ్డ హరి కొండబోలు 2017లో దీని మీద ఏకంగా సినిమానే తీశాడు, ఆ గొంతుతో మా బాల్యమంతా వెక్కిరించారని. 2020లో ఆ నటుడు అపూ గొంతు మానుకున్నాడు. అతను అడిగింది న్యాయం. ఆ వెక్కిరింతలో మా అమ్మాయి వాటా కూడా వుంది. గదికొచ్చేసరికి మాత్రం ఆ వాటా గుర్తుండదు.

ఇంకొక్కటి. 1997లో ఆ ఇంటిని నిజంగానే కట్టారు, నెవాడాలో, లాస్ వేగస్ పక్కన. కర్టెన్ల దాకా బొమ్మలో వున్నట్టే. పోటీ పెట్టి బహుమానంగా ఇస్తామన్నారు. గెలిచిన మనిషి ఇల్లొద్దని డబ్బు తీసుకుంది. తర్వాత చుట్టుపక్కల ఇళ్లతో కలిసేట్టు దాని రంగు మార్చేశారు. ఇది విని మా అమ్మాయి చాలా బాధపడింది. నాకెందుకో నవ్వొచ్చింది. మా కాలనీ ఇళ్లకి గవర్నమెంటోళ్లు ఒకటే రంగేసి పోయారు, దూరంనుంచే తెలిసేట్టు.

అమెరికా నుంచొచ్చాక పల్లెకి పోయా. నాయన కాలనీ ఇంటికి తాళం. శ్లాబు మూలన పెచ్చులూడింది. ద్వారబంధం మీద నీలం రంగు రేకు బిళ్ల. 4-61. ఎప్పుడు కొట్టారో పక్కింటోళ్లకీ గుర్తులేదు. తలుపు సందులో ఇంటి పన్ను నోటీసులు రెండేళ్లవి. పోస్టుమాను కుర్రాడు, పల్లె పిల్లాడే, ఇంటింటికీ వచ్చి ఇస్తాడంట. నోటీసు నాయన పేరు మీదుంది. ఒట్టి పేరే, ఇంటిపేరు లేదు.

పంచాయతీ ఆఫీసుకి పోయి రెండేళ్లదీ కట్టేశా. గుమస్తా పుస్తకం తిరగేసి, "పేరు మార్పిస్తారా మీ పేరు మీదకి?" అన్నాడు. వద్దన్నా. రసీదు చింపి చేతికిచ్చాడు. ఇంటి నంబరు గడిలో 4-61 అని రాసుంది. ఇంటికొచ్చి ఫోటో తీసి అమ్మాయికి పంపించా. అక్కడ అర్ధరాత్రి. అయినా వెంటనే జవాబిచ్చింది.

"తాత ఇంటి నంబరా ఇది? నాకెప్పుడూ చెప్పలేదేం?"